అరువు లెన్సులు

మా ఫొటోల బ్యాచ్‌లో ఎవరి దగ్గరా రెండు కెమెరా లెన్సులకు మించి లేవు. అందరివీ ఒక బల్ల మీద పరిస్తే మాత్రం చిన్నపాటి షాపు తెరవొచ్చు. అందుకే కొత్తవి కొనడం పక్కన పెట్టి, ఉన్నవే మార్చుకుంటున్నాం. లెన్సు పేరులో ఎంఎం అంకె పెద్దదయ్యేకొద్దీ దూరమున్నది దగ్గరకొస్తుంది, చిన్నదయ్యేకొద్దీ ఎక్కువ చోటు ఫొటోలో పడుతుంది. నా 50 ఎంఎం పట్టుకెళ్ళినవాళ్ళు తమదేదో నా చేతిలో పెట్టి వెళ్ళాలి. పెళ్ళికి అరువు తెచ్చుకున్న నగల్లాగే, గీత పడకుండా తిరిగి అప్పజెప్పాలి.

అందరం శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళమే. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రైల్వేలో పనిచేసే అన్నయ్య ఒకరు, మందుల షాపు తమ్ముడు ఒకడు, విజయనగరం నుంచి పాసింజరెక్కి వచ్చే డిగ్రీ కుర్రాళ్ళు ఇద్దరు, రిటైరైన డ్రాయింగు మాస్టారు. కలిసేది మాస్టారింట్లోనే. వాళ్ళ హాల్లో పెద్ద టీవీ ఉంది, దానికి పెన్‌డ్రైవ్ పెడతాం. ఫోన్లో చూస్తే ఏ ఫొటో అయినా బాగానే ఉన్నట్టుంటుంది. వాట్సాప్‌లో పంపితే ఉన్న వివరం కూడా కుదించుకుపోతుంది. టీవీ మీద పడ్డాకగానీ ఎవరి ఫోకస్ ఎక్కడ జారిందో బయటపడదు.

కట్టుబాట్లు తక్కువే. అరువు తెచ్చుకున్న లెన్సుతో తీసినవి వచ్చే సమావేశంలో చూపించాలి. క్రాప్ చెయ్యకూడదు, అంటే అంచులు కత్తిరించకూడదు. ఏ లెన్సో ముందు చెప్పకూడదు, మిగతావాళ్ళు కనిపెట్టాలి. మాస్టారు మాత్రం లెన్సు సంగతి ఎత్తరు. ప్రతి ఫొటోకీ ఆయన అడిగేది ఒకటే: "ఎక్కడ నిలబడి తీశావమ్మా?"

మొదట్లో మాకది విసుగ్గా ఉండేది. లెన్సులు చేతులు మారుతున్నకొద్దీ ఆ ప్రశ్నలో ఎంత పనుందో తెలిసొచ్చింది. లెన్సు మారితే ముందు మారేది నేను నిలబడే చోటు. చోటు మారితే ఎదుటి మనిషి నాతో మాట్లాడే తీరూ మారుతుంది. ఫొటో ఆ తరవాత సంగతి.

సిరిమానుతో మొదలుపెడతాను, ఎందుకంటే మా ఇళ్ళల్లో ఇప్పటికీ ఆ గొడవ తెమల్లేదు. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. ముందురోజు తొలేళ్ళు. అమ్మవారి చదురుగుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ఊరేగింపులో దాని ముందు నడుస్తాయి. చింతమాను పొడవు దాదాపు 60 అడుగులు, దాని చివర కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటారు. ఫొటో తీసేవాడికి చిక్కంతా ఆ పొడవుతోనే. పూజారి ముఖం కావాలంటే మాను పోతుంది, మాను మొత్తం కావాలంటే పూజారి చుక్కంత అయిపోతారు.

రైల్వే అన్నయ్య తెలిసినవాళ్ళ డాబా ఎక్కి 55-250 జూమ్ లెన్సుతో తీశారు. పూర్తిగా 250 దగ్గర పెట్టి, సెకనులో 500వ వంతు వేగంతో. పూజారి నుదుటి బొట్టు, మెడలో దండలు, జనం విసిరిన అరటిపండొకటి ఆయన భుజం పక్కన గాల్లో ఆగిపోయి ఉంది. ఆ అరటిపండు తొక్క మీది నల్ల మచ్చలు కూడా కనిపిస్తున్నాయి. డిగ్రీ కుర్రాడొకడు 10-18 పట్టుకుని బారికేడ్‌కి అతుక్కుపోయి నిలబడ్డాడు. 10 దగ్గర ఆ లెన్సు, దగ్గరున్నదాన్ని పెద్దది చేసి దూరమున్నదాన్ని ఇంకా దూరం నెట్టేస్తుంది. మాను మొదలు తెరలో సగం ఆక్రమించింది. అక్కడినుంచి ఏటవాలుగా పైకి లేచి ఆకాశంలోకి పోయింది. చివర పూజారి ఉన్నారని చూపుడువేలు పెట్టి చూపిస్తేగానీ తెలియదు.

అన్నయ్యకి కోపమొచ్చింది. "అమ్మవారి తరఫున కూర్చున్న మనిషి కనబడకపోతే అది సిరిమాను ఫొటో ఎలా అవుతుందిరా?" కుర్రాడు తగ్గలేదు: "అంత ఎత్తున కూర్చోబెట్టారని తెలియకపోతే ఏం లాభం అన్నయ్యా? మీ ఫొటోలో ఆయన కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నారు."

నేను కుర్రాడి వైపే. డాబా మీద తోపులాట ఉండదు, చెమట ఉండదు, ఫొటోలోనూ అవి లేవు. కానీ మా అత్తగారు ఫ్రేము కట్టించమన్నది అన్నయ్య ఫొటోనే. నేను 50తో తీసింది ఈ రెండింటికీ సంబంధం లేనిది: నాన్న భుజాలెక్కిన ఒక గుంట, చేతిలో పండు పట్టుకుని, ఎప్పుడు విసరాలో తెలియక వెనక్కి తిరిగి అమ్మ కోసం చూస్తోంది. ఫోకస్ ఆ పిల్ల చెవి మీద పడింది. అయినా టీవీలో పెట్టాను.

ఖద్దరుకి పేరుపడ్డ పొందూరు వెళ్ళేటప్పుడు నా చేతికి వచ్చింది మందుల షాపు తమ్ముడి 24 ఎంఎం. కెనాన్‌ది, చాలా పలచన, కెమెరా బాడీకి బిగిస్తే లెన్సు ఉందా లేదా అన్నట్టుంటుంది. మా చవక కెనాన్ బాడీల్లో బొమ్మను పట్టే పలక, అంటే సెన్సర్, చిన్నది కాబట్టి లెన్సు అంకెని 1.6తో హెచ్చవేసుకోవాలి. అంటే 24 అన్నది 38 లాగా, నా 50 అయితే 80 లాగా పనిచేస్తాయి. రాట్నం పెట్టుకున్న చిన్న వసారాలో 80తో నిలబడాలంటే వెనక్కి జరిగి జరిగి వీధిలో పడాలి. 24తో గుమ్మం దాటి లోపలికి వెళ్ళాలి, లోపలికి వెళ్ళాక కూర్చోవాలి. ఎవరింట్లోనైనా నేల మీద కూర్చున్నాక ఉత్త చేతులతో ఉండనివ్వరు కదా.

పొందూరు సన్నఖద్దరు గురించి అందరూ చెప్పే మాటే, వాలుగ చేప దవడతో పత్తిని ఏకుతారని. వినడం వేరు, దాన్ని అరచేతిలో పెట్టుకోవడం వేరు. వేలెడంత ఎముక. దాని నిండా సన్నటి పళ్ళు, అన్నీ లోపలివైపు వంగి. గింజను పట్టుకున్న పత్తిని దాని మీద లాగుతుంటే పోగులన్నీ ఒకే దిక్కుకి సర్దుకుంటాయి, చెత్తా నుసీ పళ్ళలో ఉండిపోతాయి. గింజ వేరుచేసి, దూది ఏకి, ఏకులు చుట్టి, వాటిని ఎండిన అరటి పట్టలో పెట్టుకుని వడుకుతారు. ఒకే కదురున్న రాట్నం మీద 100 కౌంటు నూలు, అంటే అంత సన్నటి నూలు, తీసే చేతులవి.

ఈ లెన్సు 16 సెంటీమీటర్ల దాకా దగ్గరగా ఫోకస్ అవుతుంది. ఆ కొలత సెన్సర్ దగ్గర్నుంచి కాబట్టి, లెన్సు మూతికీ వస్తువుకీ మధ్య మిగిలేది జానెడు కూడా కాదు. అంత దగ్గరకెళితే కెమెరా నీడే ఎముక మీద పడుతోంది. ఎటు తిరిగినా నీడే. చివరికి నూలు వడుకుతున్న పెద్దావిడే నా అవస్థ చూసి, గుమ్మం వెలుగు పక్కనుంచి పడేలా తన పీట జరుపుకుంది.

"ఏటమ్మా, పళ్ళు సూడ్డానికొచ్చినావా, నూలు సూడ్డానికొచ్చినావా?"

"రెండూనండి."

"మరి దూది అట్టుకో. సూత్తే రాదు."

కెమెరా మెడలో వేలాడుతుండగా పత్తి ఏకడానికి కూర్చున్నాను. నా చేతిలో పోగులు తెగి ఉండలు కట్టాయి. ఆవిడ వాటిని తీసి పక్కన పడేసి, ఏమీ అనకుండా ఇంకో పిడికెడు ఇచ్చింది. పక్కింటి కోడలు వచ్చి నవ్వింది. ఆ నవ్వు ఫొటో ఉంది, కొంచెం కదిలింది. 250 ఎంఎంతో అవతలి అరుగు మీద నుంచి తీసి ఉంటే ఆవిడ చీర సర్దుకుని, బిగుసుకుపోయి, స్టూడియోలో కూర్చున్నట్టు కూర్చునేది. తీసేవాళ్ళంతా అలాగే తీసుకెళ్తారని ఆవిడే చెప్పింది.

నూలుపోగును ఫొటోలో పట్టుకోవడం ఇంకో తంటా. తెల్లచీర ముందు తెల్ల దారం, అది కూడా వెంట్రుకలా పలచన, ఎలా కనిపిస్తుంది? ఆవిణ్ణి కదలమనడం ఎందుకని నేనే జరిగాను. లోపలి గది చీకటి దారం వెనక్కి వచ్చేదాకా పక్కకు జరిగి, నేల మీదికి ఇంకొంచెం వంగాను. ఎడంచెయ్యి ఏకుని పట్టుకుని మెల్లగా వెనక్కి, పైకి పోతుంది. చెయ్యి చాచినంత దూరం పోయేసరికి గుమ్మం వెలుగు దారం మీద పడి ఒక్కసారి మెరుస్తుంది, మరుక్షణం కదురుకి చుట్టుకుపోతుంది. షట్టర్ సెకనులో 250వ వంతు వేగంలో పెడితే చక్రం ఆకులన్నీ లెక్కపెట్టొచ్చు గానీ రాట్నం ఆగిపోయినట్టు ఉంది. 30వ వంతులో చక్రంతోపాటు చెయ్యీ అలుక్కుపోయింది. 60వ వంతులో చక్రం తిరుగుతూ, వేళ్ళు నిలబడి, మధ్యలో దారం ఒక గీతలా వచ్చింది. టీవీలో అది పడగానే తమ్ముడు అడిగిన మాట: "అక్కా, నా లెన్సు మీద దూది పడిందా?" పడింది. బ్లోయర్‌తో ఊది ఇచ్చాను.

పక్షులొచ్చే ఊరు తేలినీలాపురం కథ దీనికి తలకిందులు. రైల్వే అన్నయ్య సెకండ్ హ్యాండ్‌లో 150-600 కొన్నారు. బరువు దాదాపు 2 కిలోలు. కెమెరా దానికి తగిలించాలి తప్ప, దాన్ని కెమెరాకి తగిలించకూడదు. టెక్కలి బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే పక్కసీటావిడ చాలాసేపు చూసి, "అదేటమ్మా, తుపాకీయా?" అంది. పిట్టల ఫొటోలకని చెబితే, "పిట్టల్ని కొడతావా!" అని ఇంకొంచెం అటు జరిగింది.

పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు వానాకాలం చివరికి వచ్చి ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు పెడతాయి, పిల్లలు ఎగరడం నేర్చాక ఎండాకాలం మొదట్లో వెళ్ళిపోతాయి. మేతకి నౌపడ వైపు తంపరలు (చిత్తడి నేలలు), చెరువులు, సముద్రపు పాయలు ఉన్నాయి. సైబీరియా పక్షులని బోర్డుల మీదా పేపర్లలోనూ రాస్తుంటారు. ఈ రెండూ మన దేశంలోనే నీళ్ళనిబట్టి అటూ ఇటూ తిరిగే పక్షులు. సైబీరియా అంటే మర్యాద ఎక్కువని కాబోలు, ఆ పేరు వదలరు.

600 దగ్గర, మా బాడీ లెక్కలో 960 అన్నమాట, చెట్టుకొమ్మన పెలికాన్ తెర నిండా వచ్చేసింది. పైముక్కు అంచున వరసగా చుక్కలు, దాని కింద వేలాడే సంచి మీద ఎర్రటి సన్న నరాలు. పిల్ల తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చేసింది. మెడ దాకా లోపలికి పోయి, రెక్కలు కొట్టుకుంటూ లాగుతోంది. తల్లి కళ్ళు మూసుకుని నిలబడింది. ఇది కంటితో చూస్తే చెట్టు మీద తెల్లటి కదలిక, అంతే. గూడు దగ్గరకు మనం వెళ్ళకూడదు కూడా. తల్లి లేస్తే కాకులు గుడ్ల మీద పడతాయి. కాబట్టి పెద్ద లెన్సుకి పని ఉన్నది ఇలాంటి చోటే, దాని మీద నాకేం కోపం లేదు.

కానీ తొమ్మిది దాటేసరికి ఎండకి వేడిగాలి లేచింది. అంత దూరంలో వేడిగాలి మధ్యలో ఉంటే ఏ లెన్సూ ఏమీ చెయ్యలేదు. వ్యూఫైండర్‌లో పక్షి నీళ్ళలో ఉన్నట్టు వణుకుతుంటుంది. లక్షలు పోసినా అంతే. ఇది తెలియక లెన్సుని తిట్టుకునేవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. పొద్దున్నే వెళ్ళాలి, లేదా దగ్గరున్న చెట్టునే నమ్ముకోవాలి.

ఇంకో సంగతి. 600తో ఉన్నంతసేపు నాతో ఎవరూ మాట్లాడలేదు. నేనూ ఎవరితో మాట్లాడలేదు. ఒక కన్ను మూసి, ఆకాశంలో ఒక చిన్న ముక్కని పట్టుకుని కూర్చోవడమే పని. ఎండెక్కాక దాన్ని సంచిలో పెట్టి 24 తగిలించుకుని ఊళ్ళోకి నడిచాను. చింతచెట్టు మీద గూళ్ళు, కింద రెట్టలతో సున్నం కొట్టినట్టున్న రేకుల షెడ్డు, ఆ షెడ్డు పక్కన నులకమంచం బిగిస్తున్న తాత. తల మీద తువ్వాలు వేసుకున్నాడు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. 2018 తిత్లీ తుఫానుకి చెట్లు పడిపోయినప్పుడు పక్షులు మళ్ళీ రావేమోనని ఊరంతా దిగులుపడిందని చెప్పాడు. "అవి రాకపోతే పంటేటి, పండగేటి?" అన్నాడు నులక లాగుతూనే.

టీవీ ముందు రెండు ఫొటోలూ పెట్టాను. తమ్ముడూ డిగ్రీ పిల్లలూ పెలికాన్‌కి ఓటేశారు. ఆ కన్ను, ఆ సంచి, వాళ్ళకి అదే గొప్ప. నా వాదన నాది. పెలికాన్ ముక్కు ఆటపాకలో తీసినా అలాగే ఉంటుంది, నేలపట్టులో తీసినా అలాగే ఉంటుంది. నులకమంచం తాత మీద రెట్టలు రాలే ఫొటో తేలినీలాపురంలోనే వస్తుంది. అన్నయ్య మధ్యస్థంగా, "రెండూ ఉంచుకో, ఎవరొద్దన్నారు?" అన్నారు. లెన్సు ఆయనది కాబట్టి ఆయనకి అలాగే ఉంటుంది.

మాస్టారి హీలియోస్ గురించి రాయకపోతే ఆయన ఊరుకోరు. ఆయన పడుచు వయసులో కొన్న రష్యా జెనిత్ కెమెరాతో వచ్చిన లెన్సు అది, హీలియోస్ 44-2, 58 ఎంఎం. ఆటోఫోకస్ లేదు. వెలుగు లోపలికొచ్చే కంతకి, అంటే అపర్చర్‌కి, రెండు రింగులు: ఒకటి ఎంతవరకు మూయాలో ముందే నిలబెట్టేది, రెండోది తెరిచి మూసేది. కెనాన్ బాడీకి దీన్ని తగిలించాలంటే మధ్యలో ఒక ఉత్త రింగు చాలు. నికాన్ వాళ్ళకి ఆ సుఖం లేదు. నికాన్‌లో లెన్సు సెన్సర్‌కి ఒక మిల్లీమీటరు పైచిలుకు ఎక్కువ దూరం జరగడంతో, ఉత్త రింగు వేస్తే దూరంగా ఉన్నవేవీ ఫోకస్‌లోకి రావు. నికాన్ ఉన్న డిగ్రీ కుర్రాడు దాంతో పూలూ మొగ్గలే తీసుకుంటున్నాడు పాపం.

ఈ లెన్సు పేరు మోసింది వెనక ఆకులు సుడి తిరిగినట్టు రావడానికి. దానికి చోటు కుదరాలి. మనిషి రెండు మీటర్ల దూరంలో, వెనక ఇంకొంత దూరాన ఆకుల మధ్యనుంచి వెలుగు చుక్కలు పడుతుండాలి. నాగావళి గట్టున కానుగ చెట్లు దానికి సరిగ్గా సరిపోతాయి. మా చిన్న సెన్సర్లు అంచుల్ని కోసేస్తాయి కాబట్టి సుడి సగమే కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో చూసి ఆశపడొద్దు. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా పెడితే ఇంకో వింత. పాతకాలపు కోటింగు కనుక ఫొటో మొత్తం పాలు పోసినట్టు తెల్లబడి, వల విదిలిస్తున్న మనుషులు నీడల్లా మిగిలారు. అది లోపమని పుస్తకాలు చెబుతాయి. మాస్టారు మాత్రం, "సముద్రం ఒడ్డున పొద్దున్న మనకి కనిపించేదీ అంతేగా," అన్నారు.

చేత్తో ఫోకస్ చెయ్యాల్సి రావడంతో ఈ లెన్సు ముందు కూర్చున్నవాళ్ళకి కావలసినంత టైము దొరుకుతుంది. నేను రింగు తిప్పుతుండగానే మాస్టారి భార్య కాఫీ తాగేసి, గ్లాసు కడిగేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. మధ్యలో తీసిందే మంచి ఫొటో.

బూజు గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మనది సముద్రపు గాలి. తోలు కేసులో పెట్టి బీరువాలో దాస్తే లెన్సు లోపల సాలెగూడులాంటి పోగులు పాకుతాయి. తోలు తేమని పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, ఆ పొట్లాలని అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెట్టడం, అంతే ఖర్చు. అన్నిటికంటే మంచిది లెన్సుని వాడుతూ ఉండడం. మా పద్ధతిలో ఏ లెన్సూ నెల తిరిగేదాకా బీరువాలో ఉండదు.

వచ్చేసారి గొల్లపల్లి. బొబ్బిలి వీణలు చేసేచోట పనస దుంగని తొలిచే పని తియ్యాలని అందరికీ ఉంది. అక్కడా పని జరిగేది ఇరుకు గదుల్లోనే కనుక 24 కోసం అప్పుడే పైరవీలు మొదలయ్యాయి. తమ్ముడు తన లెన్సు తనకి కావాలంటున్నాడు, న్యాయమే. నా 50 తోపాటు హీలియోస్ వంతు కూడా వదులుకుంటానని బేరం పెట్టాను. అన్నయ్య 600 ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకోవడం లేదు. ఫొటోలు పట్టుకుని రావాలనుకునేవాళ్ళు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. క్రాప్ చేసినవైతే మాస్టారు ఇట్టే కనిపెట్టేస్తారు. 24 మాత్రం ఉగాది దాకా ఎవరూ అడగొద్దు.